చెప్పుల దగ్గర చోటు

ఈ వానాకాలం మొదట్లో మా తమ్ముడి కొడుకు ప్రవీణ్ మా ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు లోపలికి రాలేదు. గడప బయట, చెప్పులు విడిచే చోట, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. నేను వంటింట్లో నుంచి అలికిడి విని తొంగి చూస్తే ముందు మోకాళ్లు కనిపించాయి, ఆ తర్వాత వంచుకున్న తల. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఖమ్మం మార్కెట్ యార్డులో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. లోపలికి రమ్మంటే "ఈడనే మంచిగున్నది అత్తా" అన్నాడు. అతని సంగతి నాకు అప్పటికే ఫోనులో తెలిసింది. సెల్‌ఫోనులో రమ్మీ ఆడి భార్య మెడలోవి పోగొట్టాడు, బండి పోగొట్టాడు, చివరికి పనిచేసే చోట నమ్మకం కూడా పోగొట్టుకున్నాడు. భార్య పిల్లలను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మా తమ్ముడు సామేలు కొడుకును గడప తొక్కవద్దన్నాడు. ఎటు పోవాలో తోచక బస్సెక్కి దమ్మపేట దాకా వచ్చాడు.

ఆ చోటు నాకు బాగా తెలుసు. మా ఇంటి మనుషులు అట్లాంటి చోటనే కూర్చుని ఏళ్లకేళ్లు గడిపారు. ఆ సంగతి ప్రవీణ్‌కు తెలియదు. వాళ్ల నాన్న సామేలు అప్పుడు బాగా చిన్నవాడు, సంగతి తెలిసే వయసు కాదు. చెప్పగలిగినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నాకు అక్షరాలు పిల్లలు పెద్దయ్యాక వచ్చాయి. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను, పలుకుకుంటూ రాస్తాను. అందుకని ఇది నిదానంగానే సాగుతుంది.

మా ఊరు కారేపల్లికీ ఇల్లందుకూ మధ్య అడవి అంచున ఉండేది. ఇంటి వెనక నాలుగడుగులు వేస్తే ఇప్పచెట్లు, వాటి వెనక టేకు, ఆ వెనక కోయవాళ్ల గూడేలు. మా నాయిన యాకోబు బొగ్గుబాయిలో ఫిల్లరు. భూమి అడుగున టబ్బుల్లో బొగ్గు నింపే పని. డ్యూటీ దిగి వచ్చాక వాకిట్లో కూర్చుని కాగుడు నీళ్లు పోసుకునేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున నలుపు పోయేది కాదు, కాటుక పెట్టుకున్న ఆడమనిషి కళ్లలాగా ఉండేవి. అమ్మ పేరు ఎస్తేరమ్మ. ఎండాకాలం తునికాకు కోతకు, మిగతా రోజులు కూలికి పోయేది. ఎండు ఇప్పపూల తీపి వాసన, నాయిన చొక్కాలోని బొగ్గు వాసన, అమ్మ చేతుల్లోని ఆకు పసరు వాసన, ఈ మూడూ కలిసినదే నాకు ఇల్లు. మా యేసుప్రభువు గుడి మట్టి గోడల మీద రేకులు వేసిన ఒక పొడుగాటి గది. కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు ఈతచాపల మీద కూర్చునేవారు. తలుపు దగ్గర ఒక నల్లరాతి బండ. చెప్పులన్నీ దాని పక్కన విడిచేవారు.

నాయిన మంచివాడు. అయినా జీతాల రోజు వచ్చిందంటే వేరే మనిషి అయిపోయేవాడు. బాయి గేటు దాటగానే కల్లు దుకాణం వెనక పొదల్లో గోనెపట్టాలు పరిచి ఉండేవి. అక్కడ మూడుముక్కలాట నడిచేది. పేకముక్కల్ని మా దగ్గర పత్తాలు అంటారు. జీతాల రోజు ఆడవాళ్లు చంటిపిల్లల్ని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడేవారు, మగవాడు పట్టాల దగ్గరికి చేరకముందే జేబు పట్టుకోవాలని. అమ్మ కూడా నిలబడేది. నాయిన ఇంకో దారిన పోయేవాడు. ముందు అమ్మ వెండి కడియాలు పోయాయి. తర్వాత మేకలు పోయాయి. ఆ తర్వాత ఒకనాడు పొద్దున, వాన మబ్బు పట్టి ఉండగా, ఒక ఎడ్లబండి మా వాకిట్లో ఆగింది. ఎవరో తెలియని మనిషి నిచ్చెన వేసుకుని మా ఇంటి మీదికి ఎక్కాడు. పెంకులు ఒక్కొక్కటే తీసి కిందున్న మనిషికి అందించాడు. నాయిన వాటిని పత్తాల్లో ఓడిపోయాడు. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఉన్న బియ్యం డబ్బా మూత గట్టిగా బిగించి, నన్ను వాసం కింద ఒక మూలకు జరిపి, తాటాకులు తెస్తానని అడవి వైపు పోయింది. ఆమె వచ్చేలోపే వాన మొదలైంది. ఇంట్లో నిలబడి తలెత్తితే ముఖం మీద చినుకులు పడటం నాకు అప్పుడు వింతగా, కొంచెం సంబరంగా కూడా అనిపించింది. నాయిన మాత్రం పొయ్యి ఆరిపోకుండా తన చొక్కా విప్పి దాని మీద పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి ఆరిపోయింది.

పేకాట మీద కట్టడి పెట్టమని మా గుడి సంఘంలో ముందు అడిగింది ఆడవాళ్లే. ఈ మాట ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పెంకులు పోయిన వారం అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు గుడిలో ప్రసంగం చెప్పే అయ్యగారి దగ్గరికి వెళ్లారు. ఆయన కోస్తా వైపు నుంచి వచ్చిన బక్కపలచటి మనిషి, పిల్లల్ని కూడా గారు అని పిలిచేవాడు. ఆ ఆదివారం ఆయన సిలువ కింద కూర్చున్న సైనికుల గురించి చెప్పాడు. పైన ప్రభువు ప్రాణం పోతుంటే, కింద వాళ్లు ఆయన అంగీ ఎవరికి రావాలని చీట్లు వేసుకున్నారట. తలెత్తి చూడలేదట. "పేకాడేవాడు తలెత్తడమ్మా, వాడి తప్పంతా అదే" అన్నాడు అయ్యగారు. ఆడవాళ్లు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆనాడే కట్టడి అయింది. పత్తాలు పట్టినవాడిని ప్రభు బల్ల నుంచి ఆపాలి. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు అతనికి ఇవ్వరు. సంఘం ముందు నిలబడి, నేను ఆడింది పాపం అని నోటితో చెప్పేదాకా అతను లోపల చాప మీద కాకుండా తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చోవాలి.

నాయిన మరుసటి ఆదివారమే నిలబడ్డాడు. నా బిడ్డ మీద వాన పడ్డది, నేను చేసింది పాపం, అని చెప్పి చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. అందరూ ఆయన భుజం తట్టారు. ఆ తర్వాత ఏళ్లు మాకు బాగా గడిచాయి. ఇంటి మీదికి మళ్లీ పెంకులు వచ్చాయి, సామేలు పుట్టాడు, జీతాల రోజు నాయిన అమ్మ కన్నా ముందే ఇంట్లో ఉండేవాడు. అమ్మ ఎదురుగా కూర్చుని ఆయన అన్నం తినే తీరు చూస్తుంటే, కోలుకుంటున్న రోగిని కాపలా కాస్తున్నట్టు ఉండేది.

బల్ల కోసం రొట్టె చేసే పని సంఘం అమ్మకు అప్పగించింది. మా ఇళ్లలో జొన్నరొట్టె, గటక తప్ప గోధుమపిండి ముఖం ఎవరు చూశారు. నెలకొకసారి అయ్యగారి ఇంటి నుంచి చిన్న గుడ్డమూటలో పిండి వచ్చేది. ఆ శనివారం పొద్దున్నే అమ్మ తలస్నానం చేసేది. పొయ్యి అలికేది. అటక మీద బోర్లించి పెట్టిన ఇనుప పెనం దింపేది, దాని మీద వేరే ఏదీ కాల్చేది కాదు. ఉప్పు లేదు, నూనె లేదు, పులుపు లేదు. పిండి, నీళ్లు, ఆమె మెదిలే పెదవులు. రొట్టె ఒకవైపు కాలి తిరగేసేటప్పుడు లేచే వాసన ఇల్లంతా నిండి, వాకిలి దాటి, ఇప్పచెట్టు దాకా పోయేది. గుండ్రంగా రావడానికి అంచులు కోసేది. ఆ అంచుల ముక్కలు కూడా మాకు పెట్టేది కాదు, పొయ్యిలో వేసేది. దేవునిది అనేది. నేనూ సామేలూ ఆ ముక్కలు మండి నల్లబడటం చూస్తూ గుటకలు మింగేవాళ్లం. నాయిన నవ్వి, రేపు నా ముక్కల మీకు వాటా లేదు బిడ్డా, అనేవాడు.

తర్వాత బాయిలో బొగ్గుపెళ్ల మీదపడి నాయిన కాలు నలిగిపోయింది. నెలల తరబడి దవాఖానాలో ఉన్నాడు. అమ్మ కూలి మానితే పొయ్యి వెలగదు కాబట్టి మధ్యాహ్నం సద్ది నేనే తీసుకుపోయేదాన్ని. నాయిన పక్క మంచం మీద రాజమల్లు అనే ఆయన ఉండేవాడు. కరీంనగర్ వైపు మనిషి, ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. వెన్ను విరిగి మెడ కిందికి ఏ భాగమూ కదిలేది కాదు. బతకడని అక్కడ అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. రోజంతా పైకప్పును చూస్తూ, నేనెప్పుడు పోతా యాకోబూ, అని అడుగుతూ ఉండేవాడట. ఆ మాట మరిపించడానికి నాయిన ఒకనాడు వార్డుబాయ్ దగ్గర పత్తాలు అడిగి తీసుకున్నాడు.

వాళ్లు ఆడటం నేను చూశాను. నాయిన మంచం అంచున కూర్చుని ఒక చేతిలో తన ముక్కలు పట్టుకునేవాడు. రెండో చేతిలో రాజమల్లు ముక్కలు విసనకర్రలా పరిచి ఆయన కళ్ల ముందు పట్టేవాడు. పట్టి, తన ముఖం గోడ వైపు తిప్పుకునేవాడు. ఎడమ నుంచి రెండోది వెయ్ అని రాజమల్లు అంటే, చూడకుండా వేలితో తడిమి తీసి దుప్పటి మీద వేసేవాడు. పందెం లేదు. పెట్టడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. "చూస్తున్నవా నా పత్తాలు?" అని రాజమల్లు అనేవాడు. "నీ మొఖమే చూడలేక గోడ జూస్తున్న, నీ పత్తాలేం జూస్త" అని నాయిన. అప్పుడు రాజమల్లు నవ్వేవాడు. కదలని ఒంటి మీద ఆ నవ్వు ఒక్క మెడ దగ్గరే కదిలేది. గెలిచిన రోజు నా వైపు చూసి, మీ నాయినకు ఆట రాదు బిడ్డా, ఇంట్ల చెప్పు, అనేవాడు. అమ్మ ఆ ఆట ఒక్కసారైనా చూసి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఆమె చూడలేదు. రోగుల్ని పలకరించడానికి వచ్చిన మా సంఘం పెద్ద ఒకాయన చూశాడు. దుప్పటి మీద పరిచిన పత్తాలు చూశాడు, చూసింది చూసినట్టే సంఘంలో చెప్పాడు. అబద్ధం చెప్పలేదు.

రాజమల్లు చనిపోయాడు. నాయిన చంకకర్రతో ఇంటికి వచ్చాడు. తర్వాతి ఆదివారం అయ్యగారు ఆయన్ని సంఘం ముందు నిలబెట్టి, ఎంతో మెల్లగా, ఒక్క మాట చెప్పేయండి యాకోబు గారూ, అని అడిగాడు. నాయిన కర్ర మీద ఆనుకుని నేల చూశాడు. తర్వాత తలెత్తాడు.

"ముందుగాల ఆడింది పాపం. నా బిడ్డ మీద వాన పడ్డది. మీ ముందర నిలబడి చెప్పిన. దవాఖానాల ఆడింది పాపమని నా నోటికి రాదు అయ్యగారూ. ఆడ ఎవ్వలు ఓడిపోలే."

అయ్యగారు పుస్తకం తెరిచి మూశాడు. నాయిన ఆయన్ని ఇంకేమీ చెప్పనివ్వకుండా, తనే కర్ర టకటకలాడించుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లి, చెప్పులు పక్కకు జరిపి బండ మీద కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ అన్నం వడ్డించలేదు. పొయ్యికి ఎదురుగా కూర్చుని అడిగింది, ఒక్క మాట అంటే ఏం పోతది నీది. నాయిన రాజమల్లు గురించి చెప్పబోయాడు. మెడ గురించి, ముఖం గోడ వైపు తిప్పుకోవడం గురించి చెప్పబోయాడు. అమ్మ వినలేదు. ఆమెకు పత్తాలు అంటే పత్తాలే. "నా ఇంటి మీది పెంకులు తీసిన చేతులు గవే" అంది. నాయిన అప్పుడొక మాట అన్నాడు, నాకు ఇంకా వినిపిస్తుంది. "ఎస్తేరూ, గది పాపమని నేనంటే, ఆ మనిషి సచ్చిన మంచం మీద ఉమ్మేసినట్టయితది." అమ్మ లేచి బయటికి పోయింది. ఇద్దరిలో ఎవరిది న్యాయమని నన్ను అడిగితే ఆ వయసులో చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడూ అంత తేలికగా చెప్పలేను. ఒకరికి తడిసిన బిడ్డ కనిపిస్తోంది, ఇంకొకరికి కదలని మనిషి నవ్వు కనిపిస్తోంది. ఇద్దరూ అబద్ధం చూడటం లేదు.

ఆ నెల నుంచి అమ్మ కొత్తగా ఒక పద్ధతి పెట్టింది. అయ్యగారు చెప్పలేదు, సంఘం చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. బల్ల నుంచి ఆపిన మనిషి ఆ రొట్టె కాలే చోట కూడా ఉండకూడదు అనుకుంది. శనివారం పొద్దున పిండి మూట విప్పకముందే నాయిన్ని బయటికి పంపేది. నోటితో చెప్పేది కాదు, చంకకర్ర తెచ్చి ఆయన చేతికి ఇచ్చేది. నాయిన లేచి వాకిలి దాటి ఇప్పచెట్టు కింద కూర్చునేవాడు. ఇంటికి వీపు పెట్టడు, ఇంటి వైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. గాలి ఎటు వీస్తే అటు కొంచెం జరిగేవాడు. చలికాలం పొగ నేల మీదే పాకుతుంది కాబట్టి వాసన బాగా వస్తుందని నాతో ఒకసారి అన్నాడు. ఇయాల ఒక రొట్టె కొంచెం మాడింది జూడు, అని అక్కడి నుంచే చెప్పేవాడు, నేను లోపలికి వెళ్లి చూస్తే నిజంగానే మాడి ఉండేది. అమ్మ ఆ మాట విని పెదవి బిగబట్టి నవ్వు ఆపుకోవడం కూడా చూశాను. ఆదివారం ఆయన చెప్పుల దగ్గర కూర్చుంటే, రొట్టె పళ్లెం వరసలన్నీ తిరిగి ఆయన దాకా వచ్చేముందే వెనక్కి మళ్లేది. ఆయన ఊరికే ఉండలేక పక్కనున్న చెప్పుల్ని జతలు కలిపి వరసగా పెట్టేవాడు. ఆరాధన అయి బయటికి వచ్చేవాళ్లకు ఎవరి జత వాళ్లకు ఎదురుగా సిద్ధంగా ఉండేది. మా సంఘంలో అప్పట్లో చెప్పులు వెతుక్కున్నవాళ్లు లేరు.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. బాయి దుమ్ము నాయిన ఊపిరితిత్తుల్లో గడ్డకట్టింది. చివరి వానాకాలం నాటికి నులకమంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఆ శనివారం పొద్దున ముసురు పట్టింది. అయ్యగారింటి నుంచి పిండి మూట వచ్చింది. అమ్మ మూట చేతిలో పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. మనిషిని వానలో బయట పెట్టలేకపోయింది, పొయ్యి దగ్గర ఉండనివ్వనూ లేకపోయింది. కాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత అటక మీద నుంచి పెనం దించుకుని, పిండి మూట కొంగులో చుట్టుకుని, తల మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, నాలుగిళ్ల అవతల ఉన్న మార్తమ్మ పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. నాయిన్ని చూసుకోమని నాకు చెప్పింది.

నాయిన కళ్లు మూసుకునే ఉన్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గలగలమని చప్పుడు వస్తోంది. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"బిడ్డా, ఇయాల రొట్టెల శనివారం గాదా?"

"అవ్ నాయినా."

"మరి మీ అమ్మ చేస్తలేదా? వాసన వస్తలేదేంది."

మార్తమ్మ పిన్ని ఇంట్లో చేస్తోందని చెప్పాను. "గంత దూరమా" అన్నాడు. అని, తల తలుపు వైపు తిప్పుకున్నాడు. ముక్కుపుటాలు కదిలాయి. బయట వాన వాసన తప్ప ఏమీ లేదు. అమ్మ వచ్చేసరికి ఆయన అట్లాగే తలుపు వైపు చూస్తూ ఉన్నాడు, ఊపిరి మాత్రం లేదు. అమ్మ కొంగు కింద, గుండెలకు ఆనించి, తెల్లగుడ్డలో చుట్టిన రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక సమాధి చేశారు. అయ్యగారే ప్రార్థన చేశాడు. ఏ మాటా తగ్గించలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. తెల్లవారి మొదటి ఆదివారం. ఇంట్లో అంత జరిగినా రొట్టె ఇవ్వవలసిన బాధ్యత ఉంది కాబట్టి అమ్మ గుడ్డమూట పట్టుకుని నన్ను తోడు తీసుకుని అందరికన్నా ముందే గుడికి పోయింది. అయ్యగారు బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తున్నాడు. అమ్మ మూట ఆయనకు ఇవ్వకుండా పట్టుకునే అడిగింది.

"అయ్యగారూ, మీరు ప్రార్థన చెయ్యకముందు ఇది ఏంది?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. ఓదార్పుగా నవ్వి, "అప్పటిదాకా అది రొట్టేనమ్మా. పిండీ, నీళ్లూ. ఎవరైనా తినేదే" అన్నాడు.

"ఎవరన్నా తినొచ్చునా?"

"ఎవరైనా తినొచ్చు."

అమ్మ తల ఊపింది. మూట బల్ల మీద పెట్టింది. అప్పటికి అయ్యగారికి ఏదో తట్టినట్టుంది, ఆయనకు శనివారాల సంగతి తెలియదు గాని ఆమె ముఖం చూశాడు. ఎస్తేరమ్మ గారూ అని పిలిచాడు. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆడవాళ్ల చాపల వైపు కూడా పోలేదు. నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి, నాయిన కూర్చునే నల్లబండ మీద, చెప్పుల పక్కన కూర్చుంది.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ అక్కడే కూర్చుంది. ఆమెను బల్ల నుంచి ఎవరూ ఆపలేదు. ప్రతి నెలా అయ్యగారు పళ్లెం పట్టుకుని వరసలన్నీ దాటి తలుపు దాకా నడిచి వచ్చేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. మార్తమ్మ పిన్ని బతిమాలింది, నేను పోట్లాడాను. ఈడ మంచిగ గాలి వస్తది, అనేది. ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు. శనివారాలు రొట్టె చేయడం మానలేదు. తలుపు బార్లా తెరిచి చేసేది, పొయ్యిని జరుపుకుంటూ జరుపుకుంటూ చివరికి గడప దగ్గరికే తెచ్చింది. అంచుల ముక్కలు పొయ్యిలో వేయడం మానేసింది. సామేలుకు పెట్టేది, దారిన పోయే కోయపిల్లలకు పెట్టేది. తను మాత్రం ఒక్క తునక నోట్లో వేసుకోగా నేను చూడలేదు. ఆదివారం చెప్పులు జతలు కలిపి పెట్టే పని కూడా ఆమెకు వచ్చింది.

నాకు పెళ్లయి దమ్మపేట వైపు వచ్చేశాను. పిల్లలు పెద్దయ్యాక మా ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టారు. సాయంత్రం కూలి నుంచి వచ్చి పలక పట్టుకున్నాను. నన్ను చూసి నా పిల్లలే నవ్వారు. నేను చదువుకున్నది ఒక్కందుకే. మా నాయిన్ని ఆపిన మాట బైబిలులో ఎక్కడుందో నా కళ్లతో చూడాలి. మొదటి పేజీ నుంచి వేలు పెట్టి మొదలుపెట్టాను. ఏళ్లు పట్టింది. పేకాట అనే మాట ఎక్కడా దొరకలేదు. సైనికుల చీట్లు దొరికాయి, అయ్యగారు అబద్ధం చెప్పలేదు. కానీ చీట్లు వేసి భూములు పంచుకున్న మంచివాళ్లు కూడా దొరికారు. ప్రభువు శిష్యులే తమలో ఒకరిని ఎంచుకోవడానికి చీట్లు వేశారని చదివిన నాడు ఆ మాట మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివాను. చేతిలో పట్టుకున్నది ఒకటే. ఒకచోట పక్కవాడి ఒంటి మీది బట్ట కోసం పట్టుకున్నారు, ఇంకోచోట పట్టుకున్నప్పుడు ఎవరిదీ ఏమీ పోలేదు. మా నాయినకు అక్షరం రాదు. అయినా ఎవ్వలు ఓడిపోలే అన్నప్పుడు ఆయన చెప్పింది ఇదే అని నాకు అప్పుడు తోచింది. ఇది నా మాట. చదువుకున్న అయ్యగార్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు.

అట్లా అని ఆ కట్టడి తప్పని నేను అనలేను. ఈ మధ్య సామేలు ఉంటున్న మా పుట్టినూరు పోయినప్పుడు గుడి చూశాను. స్లాబు పోశారు, ఫ్యాన్లు, మైకులు, ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. నల్లబండ లేదు, మెట్లు కట్టేటప్పుడు అందులో కలిపేశారట. చెప్పులు ఆరుబయట గుట్టగా పడి ఉన్నాయి. రొట్టె ఇప్పుడు పట్నం నుంచి పొట్లాల్లో వస్తుంది, కాగితం ముక్కంత పలచగా, వాసన లేకుండా. వెనక వరసలో కుర్రవాళ్లు ప్రసంగం నడుస్తుండగా ఒళ్లో సెల్‌ఫోను పెట్టుకుని పత్తాలు ఆడుతుంటే చూశాను. వాళ్లను ఎవరూ అడగరు, ఆపరు. అందరికీ రొట్టె అందుతుంది. ఎడ్లబండి వచ్చి వాకిట్లో ఆగితే ఊరంతా చూసేది, ఆడవాళ్లు కలిసి అయ్యగారి దగ్గరికి పోయేవారు. ఇప్పుడు ఇంటి మీది పెంకులు ఎవరు తీసుకుపోతున్నారో ఇంట్లో వాళ్లకే తెలియడం లేదు. ప్రవీణ్ కూడా ఆ వెనక వరసలో కూర్చున్నవాడే. ఎవరైనా అప్పుడే అతన్ని చెప్పుల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో. నాయిన సంగతి తలుచుకుంటే ఒక తీరుగా అనిపిస్తుంది, ప్రవీణ్ భార్య ముఖం తలుచుకుంటే ఇంకో తీరుగా అనిపిస్తుంది.

మా ఇంటికి వచ్చిన రోజు ప్రవీణ్ ఎంతకీ లోపలికి రాలేదు. నేను వంటింట్లోకి పోయి పిండి కలిపాను. పొయ్యి ఇప్పుడు గ్యాసుది, జరపడానికి రాదు. తలుపులు రెండూ బార్లా తెరిచి పెట్టాను. మొదటి రొట్టె తిరగేస్తుంటే బయట నుంచి, "ఏం జేస్తున్నవత్తా, మంచి వాసనొస్తున్నది" అని గొంతు వినిపించింది. ఆ మాటకు నా చేయి పెనం మీద ఆగిపోయింది. రొట్టె కొంచెం మాడింది.

పళ్లెంలో పెట్టుకుని బయటికి వచ్చాను. చెప్పులు పక్కకు జరిపి అతని పక్కన కూర్చుని పళ్లెం చేతికి ఇచ్చాను. అతను తీసుకున్నాడు గాని తినలేదు. "నన్ను ఏం అడగవా?" అన్నాడు.

"అడుగుత. తిన్నంక అడుగుత."

ఒక తునక తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, నా ముఖంలోకి చూశాడు.

"ఉప్పు మరిచిపోయినవా అత్తా?"

"మరువలే" అన్నాను. "దీంట్ల ఉప్పు ఉండదు. వేడి మీదనే తిను."